ఎల్లస్వామి చేతికి కట్టిన గడియారం

మిర్చి వ్యాపారి రామలింగానికి షుగరొచ్చి ఆరేళ్లు. మందులు మింగుతాడు గానీ, నడవమంటే ఎక్కడలేని నొప్పులూ వస్తాయి. హనుమకొండలో ఉండే కూతురు సౌమ్య చెప్పీ చెప్పీ విసిగి, చేతి గడియారం ఒకటి కొనిచ్చింది. ఎక్కువసేపు కూర్చున్నా, గుండె లయ తప్పినా అది మణికట్టు మీద జివ్వుమంటుంది. వేసిన అడుగులు, గుండె కొట్టుకునే తీరు, అన్నీ ఆమె ఫోన్‌లో కనిపిస్తాయి. సాయంత్రం కాగానే వాయిస్ మెసేజ్ వచ్చేది.

"ఇయ్యాల తొమ్మిది వందలేనా నాన్నా? రేపు ఇంకో వంద నడువు. నా కోసం."

బిడ్డ గొంతుకు రామలింగం మనసు కరిగేది, కాళ్లు మాత్రం కదిలేవి కావు. నాలుగో రోజు ఆ మహానుభావుడికి ఒక ఉపాయం తట్టింది. గడియారం విప్పి, మార్కెట్లో తన బస్తాలు మోసే హమాలీ ఎల్లస్వామి చేతికి కట్టాడు. జివ్వుమంటే నడవమని అర్థం, ఆగొద్దు అని మరీ మరీ చెప్పాడు.

అడుగులు పన్నెండు వేలు దాటాయి. సౌమ్య సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఆ మెచ్చుకోళ్లు వింటూ రామలింగం నిశ్చింతగా జిలేబీ తినేవాడు. సిగ్గన్నది ఉండాలి కదా, లేదు.

పదో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎత్తితే సౌమ్య.

"నాన్నా, ఉన్నకాడనే కూసో. నీ గుండె ఎట్లవడితె అట్ల కొట్టుకుంటాంది. పొద్దటి సంది గడియారం చెప్తనే ఉన్నదట, నేనిప్పుడే చూసిన. కారేసుకొని వస్తాన."

తనకేం కాలేదని నవ్వబోయాడు రామలింగం. అంతలోనే గుర్తొచ్చింది. ఆ గుండె తనది కాదు.

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. ఎల్లస్వామి బస్తాల వరుస చుట్టూ తూలుతూ నడుస్తున్నాడు. వీపు మీద బస్తా కూడా లేదు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. రామలింగం పట్టుకుని కూర్చోబెట్టబోతే, అతను చెయ్యెత్తి చూపించాడు.

"పొద్దటి సంది జివ్వుమంటనే ఉన్నది సేటూ. నడుస్తనే ఉన్న."

రామలింగం ఆ చేతిని కిందికి దించి, బలవంతంగా కూర్చోబెట్టాడు.

సౌమ్య రాగానే ఎల్లస్వామిని ఆమె కారులోనే దవాఖానకు తీసుకుపోయారు. ఇంకో గంట నడిచి ఉంటే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.  నర్సు విప్పిచ్చిన గడియారాన్ని సౌమ్య తండ్రి ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు రామలింగం ఆ గడియారం పెట్టుకుని దవాఖాన దాకా నడిచే వెళ్లాడు. ఎల్లస్వామి కళ్లు తెరిచి, ముందు తన బోసి మణికట్టును, తర్వాత సేటు చేతిని చూశాడు.

"నిన్న నడిచింది సరిపోలేదా సేటూ?" అని భయపడుతూ అడిగాడు.

రామలింగం ఆ బోసి చేతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు.