మూడు నిమిషాల కార్డు

ఆ బడికి ఆటస్థలం ఉందని చెప్పుకోవాలంటే సిగ్గు వదిలేయాలి. ఉన్న కాస్త జాగాలో ఏడు వ్యాన్లు నిలబెడతారు. ఆటల పీరియడ్‌ను లెక్కల సారు ఎప్పుడో మింగేశాడు. అయినా ఏటా ఫిట్‌నెస్ కార్డులు మాత్రం నిండుతాయి. పీఈటీ టీచర్ శైలజ స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ వాటిని నింపుతుంది. తొమ్మిదో తరగతి వర్షకు ఎనిమిది వందల మీటర్ల పరుగు మూడు నిమిషాలని రాసింది.

వర్ష ఏనాడూ ఉరకలేదు. గడప ముందు వ్యానెక్కి బెంచీ మీద దిగడం, ఇంటికొచ్చి చిప్సు తింటూ ఫోను చూడడం, ఇదే ఆమె రోజు. అయినా మనిషిని చూసి చెప్పే విద్యేదో టీచర్‌కు ఉండి ఉంటుందని నమ్మింది. తండ్రి నర్సింలు కార్డును లామినేషన్ చేయించి తమ ఊరు నవీపేటంతా చూపించాడు. ఆ ధైర్యంతోనే క్రీడా హాస్టల్ సీటుకు దరఖాస్తు పెట్టారు.

సోమవారం నిజామాబాద్ మైదానంలో ఒక్క రౌండు తిరిగేసరికి వర్ష కూలబడి వాంతి చేసుకుంది. ఎంపిక చేసే సారు కార్డు చూసి పగలబడి నవ్వాడు. ఎందుకు పడిందో, అసలు టైమెంతో బడి కాగితం రాసిస్తే గురువారం ఇంకోసారి పరిగెత్తనిస్తామన్నాడు. అదీ పోతే సీటుకు వయసు దాటిపోతుంది.

మర్నాడు నర్సింలు బిడ్డను వెంటబెట్టుకుని బడి యజమాని ఆత్మారాం మీదికి పోయాడు.

"ఎన్నడు ఉరికిచ్చిండ్రు నా బిడ్డను? గ మూడు నిమిషాలు ఏడికెళ్లి వచ్చినయ్?" అని అరిచాడు.

"ఒర్రకు నర్సింలూ. వ్యాను ఇంటి ముంగటికి రాకుంటే ఫోన్ జేసి తిట్టేది నువ్వు గాదా? ఆటలెందుకు, లెక్కలు చెప్పుండ్రి అని మీటింగుల అన్నది నువ్వు గాదా? సంచిల చిప్సు పాకీట్లు మేం పెడ్తున్నమా?"

అన్నీ నిజాలే. వర్షకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

ఆత్మారాం శైలజను పిలిపించి ఆమె ముందుకు గళ్లున్న కొత్త కాగితం తోశాడు. "జరమొచ్చి పడ్డదని రాయి. పరుగు టైం రెండు నిమిషాల యాభై ఎయ్యి."

"రాయుండ్రి మేడం," అన్నాడు నర్సింలు మెత్తగా. అంతసేపూ అరిచిన మనిషి అంత తొందరగా చల్లబడడం చూసి వర్షకు అసహ్యం వేసింది.

"నేను ఉరికిందే రాయుండ్రి టీచర్. ఒక్క రౌండు. పడ్డ. కక్కిన."

"నోర్మూయ్! సీటు పోతది!"

"నా బదులు నువ్వు ఉరుకుతవా బాపూ?"

నర్సింలు లేపిన చెయ్యి ఆగిపోయింది. శైలజ కలం మూత తీసి కాగితంలో గడి గడీ వెతికింది. నాలుగేళ్లలో ఒక్క పిల్లనైనా ఉరికించి రాసిన పాపాన పోలేదామె. నిజం ఏ గడిలో రాయాలో ఆమెకు తెలియలేదు.