బ్రేకు వచ్చే వారం

ఆదివారం పూట గిన్నెలు కడగడం కాగానే అమ్మ వీధి తలుపు బార్లా తీసి, కాళ్లు తుడుచుకునే పట్టాలు చుట్టి పక్కన పెట్టేసేది. పెద్దమ్మాయీ, ఆమె క్లాసువాళ్లిద్దరూ కాలేజీ ప్రాజెక్టుకని కార్ల పందెం ఆట తయారుచేస్తున్నారు మరి. ఒకే సోఫా మీద నలుగురు పక్కపక్కన కూర్చుని ఆడాల్సిన ఆట. సోఫాకి ముందువైపు ఒక స్టూలు తాడుతో కట్టి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఎందుకంటే ఆడుతుంటే సోఫా కదిలేది. ఒకరాడితే జానెడు, ఇద్దరాడితే గుమ్మం దాకా, ముగ్గురాడితే గేటు దాకా. ఎవరి కారు ముందుంటే వాళ్ల మాట వినేది.

"నేల మీద గీతలు పడ్డాయంటే ఊరుకోను," అనేది అమ్మ. ఆమె బాధ ఆమెది.

ఆటింకా పసిగుడ్డే. బొమ్మలు గీసేవాడికి ఇంకో రోడ్డు గీయడానికి బద్ధకమేసి వీళ్ల వీధినే దించేశాడు. శబ్దాలు చూడాల్సిన పిల్ల ఇంజిను మోత రికార్డు చేయకుండా నోటితోనే "బుర్ర్" మంటూ కూర్చునేది. ఇక బ్రేకు రాయాల్సింది పెద్దమ్మాయి. "ముందు పరిగెత్తనివ్వండర్రా. ఆగడం సంగతి వచ్చే వారం చూద్దాం," అంది మహాతల్లి.

ఇవాళ ఆఖరి ఆదివారం, రేపే సార్‌కి చూపించాలి. నలుగురితో ఆడి చూద్దామంటే నాలుగో వాడేమో వేరే జట్టులోకి చెక్కేశాడు.

ఇంట్లో ఖాళీగా ఉన్నది నాన్నొక్కడే. ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. రెండు నెలల కిందట స్కూటరొకటి అడ్డమొస్తే బ్రేకేశాడు, ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచీ డ్రైవరు సీట్లో కూర్చుంటే కుడికాలు కొయ్యబారిపోతోంది. సెలవు ఇవాళ్టితో సరి. రేపు బస్సు తీయాలి, లేదంటే డిపో ఆఫీసులో కుర్చీ పుచ్చుకోవాలి. ఆయన కుర్చీకే ఒప్పుకునేలా ఉన్నాడు. ఆ మాట తలుచుకుంటే పెద్దమ్మాయికి అన్నం సయించడం లేదు.

"నాన్నా, కాసేపు కూర్చో."

"నా వల్ల కాదే. నా కాలు నా మాట వినట్లేదు."

"దీనికి కాళ్లెందుకు? వేళ్లు చాలు."

గొణుక్కుంటూనే కూర్చున్నాడు. మొదట రెండుసార్లు గోడకి గుద్దాడు. మూడోసారి ఇరవై రెండేళ్లూ వేళ్లలోకొచ్చాయి. ముగ్గురినీ దాటేశాడు. సోఫా గుమ్మం దిగి, గేటు తోసుకుని వీధిన పడింది.

"వచ్చేటప్పుడు ఉప్పు ప్యాకెట్టు!" అని వెనక నుంచి అమ్మ కేక.

ఇస్త్రీ ఆయన బండి కాస్త పక్కకి లాక్కున్నాడు. "ఇవాళ పెద్దాయన నడుపుతున్నట్టున్నారే. మలుపు భలే తిప్పారు!"

నాన్న మొహంలో రెండు నెలల తర్వాత నవ్వు. సరిగ్గా అప్పుడే సందు చివర ట్యూషను వదిలారు. చిన్నపిల్లలు చేతులు పట్టుకుని వరసగా రోడ్డు దాటుతున్నారు.

"బ్రేకేదే?"

"వచ్చే వారం నాన్నా!"

"కొంప ముంచావు కదే!"

అందరూ చేతుల్లోని ఆట రిమోట్లు వదిలేశారు. అయినా జోరు తగ్గలేదు. పెద్దమ్మాయి తన ఒళ్లు బద్ధకానికి ఎవరి పిల్లలో బలైపోతారని కళ్లు మూసుకుంది. కర్రుమని శబ్దం. కళ్లు తెరిస్తే, నాన్న కుడికాలు రోడ్డు మీద తన్ని పెట్టి ఉంది. చెప్పు అరిగి, మడమ ఎర్రబడింది. సోఫా ఆగింది. పిల్లలకి ఇంకా మూరెడు దూరం.

పిల్లలు ఒకసారి చూసి, దాటి వెళ్లిపోయారు.

నాన్న తన కాలి వంక చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, "అలా టక్కున ఆపకూడదే, వెనకవాళ్లు పడతారు. కొంచెం కొంచెంగా నొక్కాలి. ఎలాగో చెప్తా, రాసుకో," అన్నాడు. పెద్దమ్మాయి ఏడుస్తూనే రాసుకుంది.

సోఫా తోసుకుంటూ ఇల్లు చేరారు. ఉప్పు మర్చిపోయినందుకు నలుగురికీ అక్షింతలు పడ్డాయి.

మర్నాడు ఆమె లేచేసరికి నాన్న ఇంట్లో లేడు. ఎక్కడికెళ్లాడో అమ్మకీ చెప్పలేదు. అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలక ఎవరూ ఫోను చేయలేదు. పెద్దమ్మాయి ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని స్టాపులో నిలబడింది. బస్సొచ్చింది, కుదుపు లేకుండా ఆగింది. గుంపుతో పాటు ఎక్కి, బ్రేకు మీదున్న అరిగిన చెప్పు చూసి మెట్టు మీదే బిగుసుకుపోయింది.

డ్రైవరు అద్దంలోంచి ఆమె వైపే చూస్తూ గట్టిగా అరిచాడు.

"ఏమ్మా, తలుపు దగ్గర నిలబడకు. లోపలికి జరుగు, లోపలికి!"