సుందరి కాళ్ళకు ఎండ

నాగేశ్వరయ్య శెట్టి పప్పుల కొట్టులో నాసిరకం సరుకు దొరకదని పాండిచ్చేరి పెద్ద బజారంతా ఒప్పుకునేది. రాయి ఏరి, పుచ్చు ఏరి, జల్లెడ పడితే గానీ కందిపప్పును గోతానికెత్తనిచ్చేవాడు కాదు. అలాంటివాడి ఇంట్లో, కొట్టు వెనకాలే, మూడేళ్ళ మనవరాలు సుందరికి కాళ్ళు వంకర తిరిగాయి. పిల్ల నిలబడితే రెండు మోకాళ్ళ మధ్య చెంబు పట్టేంత సందు కనిపించేది.

1973లో తల్లి అలివేలుమంగ పిల్లను చంకనేసుకుని, శెట్టి కొడుకైన మొగుడు శంకరన్‌తో కలిసి గోరిమేడు పెద్దాసుపత్రికి వెళ్ళింది. ఒంటికి ఎండ చాలక ఎముకలు మెత్తబడ్డాయని డాక్టరమ్మ అరవంలో నిదానంగా చెప్పింది. మందు చీటీలో చేపనూనె రాయబోతే, కోమట్ల ఇంట అది కుదరదని శంకరన్ నీళ్ళు నమిలాడు. అయితే పాలు బాగా పట్టించండి, రోజూ పొద్దున గంటసేపు పిల్లను ఎండలో, ఇసకలో ఆడనివ్వండి అంది ఆవిడ. ఎముక ముదిరేలోగా చేస్తే కాళ్ళు వాటంతటవే చక్కబడతాయని, ముదిరాక ఎండ వాటిని తిప్పలేదని రెండుసార్లు చెప్పి పంపింది.

ఇంటికొచ్చి చెబితే నాగేశ్వరయ్య నవ్వాడు. వ్యాపారం చేసే ఇంట్లో ఊరికే వచ్చేదాని మీద గురి తక్కువ. ఎండ మందేమిటని, బాదంపప్పూ నెయ్యీ టానిక్కు సీసాలూ తెప్పించాడు. అలివేలుమంగ మాత్రం మరునాటి నుంచి పిల్లను మిద్దె మీదికి తీసుకెళ్ళసాగింది. నాలుగో రోజు పక్క మిద్దె మీద వడియాలు పెడుతున్న కన్నియమ్మాళ్ పిట్టగోడ మీదుగా ఆ కాళ్ళను చూసి అయ్యో పాపమనుకుంది. పాపమనుకుని ఊరుకుంటే బాగుండేది. పప్పు శెట్టియార్ ఇంట బిడ్డకు కూడు చాల్లేదట అన్న మాట సాయంత్రానికల్లా కొట్టు ముందుకే వచ్చి చేరింది. ఊరంతటికీ పప్పు కొలిచి పోసేవాడికి అంతకన్నా తలవంపు ఇంకేముంది? పొద్దుగూకక ముందే మిద్దె తలుపుకు తాళం పడింది, తాళంచెవి ఆయన మొలతాటికెక్కింది.

“కాళ్ళు సరయ్యేదాకా బిడ్డ ఎవురి కంటా పడగూడదు మంగా,” అన్నాడు. “సరైనాక నేనే ఊరంతా తిప్పి చూపిస్తా.”

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఆ ఇంటికోసమే పుట్టినట్టుంది. అలాగని ఆయన చెడ్డవాడు కాదు. మనవరాలంటే పంచప్రాణాలు. డాక్టరమ్మ ఇసకలో ఆడనివ్వమంది కదా అని, బండి వీరాసామి చేత రెండు బళ్ళ సముద్రపు ఇసక తెప్పించి, గోతాల గదిలో ఒక మూల పోయించాడు. సరుకు ఎక్కడున్నా కొట్టుకు రప్పించుకోవడమే ఆయనకు తెలిసిన విద్య. ఇసక వచ్చింది గానీ ఎండ రాలేదు. ఆ గదిలో పట్టపగలు కూడా దీపం వెయ్యాల్సిందే. ఆ దీపం కింద సుందరి పప్పు కొలిచే డబ్బాలతో ఇసక కొలుచుకుంటూ పెరిగింది.

అలివేలుమంగను ఎవరూ కట్టెయ్యలేదు. వెనక సందులోకి తెరుచుకునే తలుపు గడియ లోపలి వైపే ఉండేది. మామ కొట్టులో, మొగుడు కొట్టులో. పిల్లనెత్తుకుని ఎన్ని పొద్దులు ఆ తలుపు దాకా వెళ్ళిందో లెక్క లేదు. ఎవరైనా చూస్తే ఎట్లా, మామకు తెలిస్తే ఎట్లా అనుకుని అన్నిసార్లూ వెనక్కి తిరిగింది. భయం ఆమెది, కాళ్ళు సుందరివి. అలా నాలుగేళ్ళు గడిచాయి.

నాలుగో ఏడు నాగేశ్వరయ్యకు చక్కెర జబ్బు బయటపడింది. రోజూ పొద్దున్నే బీచిలో గంటసేపు నడవమన్నాడు ఆయన డాక్టరు. ఈసారి ఆయన నవ్వలేదు. మరునాడే గుడ్డ బూట్లు తొడుక్కుని బయలుదేరాడు. ముగ్గు వేస్తున్న అలివేలుమంగ ఆ బూట్ల వంక చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కోపానికి ముగ్గులో ఒక గీత వంకర పోయింది, అంతకుమించి ఏమీ కాలేదు.

వారం తిరక్కుండానే ఆయన నడక సగంలో మానుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మిల్లు కూలీల పిల్లలు, తన కొట్టులో నూకపప్పు కొనేవాళ్ళ పిల్లలు, ఒంటిమీద చొక్కా లేకుండా ఇసకలో పరుగులు పెడుతున్నారట.

“ఒగరి కాళ్ళయినా వంకరుంటాయేమోనని చూస్తిని మంగా,” అన్నాడు తలెత్తకుండా. “ఒగరికీ లేదు. బిడ్డను బయల్దేరదియ్యి, ఆస్పత్రికి పోదాం.”

ఆసుపత్రిలో ఈసారి వేరే డాక్టరు. ఎముకకు ఫోటో తీసి వెలుతురుకు పట్టి చూశాడు. డాక్టరమ్మ రాసిన పాత కాగితం కూడా చూశాడు. గాలీ ఎండా పిల్లకు ఎప్పుడైనా మంచివే, ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది, కానీ ఎముక ముదిరిపోయింది, ఈ వంకర ఇక దానంతటది పోదన్నాడు. ఇంకా పెద్దదయ్యాక కోసి సరిచెయ్యడానికి వీలవుతుందేమో చూడాలట. నాగేశ్వరయ్య ఇంకోసారి ఫోటో చూడమని బతిమాలాడు. డాక్టరు మళ్ళీ చూసి మళ్ళీ అదే చెప్పాడు.

బస్సు దిగాక ఆయన రిక్షాను ఇంటికి కాక బీచికి పొమ్మన్నాడు. పది గంటల ఎండ చుర్రుమంటోంది, అయినా ఒడ్డున జనం తిరుగుతూనే ఉన్నారు. సుందరి ఇసక మీద ఒక్క క్షణం బిక్కచచ్చి నిలబడింది. ఆ తరవాత బాతు పిల్లలా ఊగుతూ నీళ్ళకేసి నడిచింది, పడింది, లేచింది, మళ్ళీ పడి పకపకా నవ్వింది. ఏడేళ్ళలో పిల్ల అంత గట్టిగా నవ్వగా తల్లి వినలేదు.

పప్పుల దళారి ఆదిమూలం అటుగా వస్తూ శెట్టియారును చూసి ఆగాడు. అలివేలుమంగ చప్పున ముందుకెళ్ళి పావడా దించి పిల్ల కాళ్ళు కప్పబోయింది. మామ ఆమెను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరి బిడ్డ అని ఆదిమూలం అడిగితే, “నా మనవరాలు,” అన్నాడు అతని మొహంలోకి సూటిగా చూస్తూ. ఆదిమూలం ఆ కాళ్ళు చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నాగేశ్వరయ్య ఇసకలో చతికిలబడ్డాడు.

సుందరి తడి పావడాతో వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంది.

“తాతా, ఈ సముద్రం నేను చిన్నబిడ్డగా ఉన్నప్పుడు గూడా ఈడనే ఉండెనా?”

ఆయన వంగి తడి పావడా అంచు పిండసాగాడు. పిల్ల తల్లి వైపు తిరిగింది.

“ఉండె తల్లీ,” అంది అలివేలుమంగ. “మనింటికి ఐదు వీధుల అవతలే ఉండె. నేనే నిన్ను తోడుకోని రాలా.”

అని, మామ ఎదుటే, అంతమందిలో, గట్టిగా ఏడ్చింది.