కర్టిస్ దవడ

అమెరికాలోని డేటన్‌లో వృద్ధాశ్రమం నడిపే లొరెట్టా, ఉద్యోగానికొచ్చిన డ్వేన్ ముందు అతని నేరచరిత్ర కాగితం విసిరింది.

"ఒకడి దవడ విరగ్గొట్టి జైలుకెళ్లావు. ముసలివాళ్లని నీ చేతుల్లో పెట్టమంటావా?"

"ఎవడి దవడో తెలుసా మేడమ్? మీ బల్ల మీద ఫొటోలో ఇకిలిస్తున్నాడే, వాడిదే. మా చెల్లి చెయ్యి విరిచాడని కొట్టాను."

ఫొటోలో ఉన్నది వచ్చే నెల ఆమె పెళ్లాడబోయే కర్టిస్.

"అబద్ధాలకోరు! నాకు కాబోయే మొగుణ్ణే అంటావా? బయటికి నడు!"

"పోతాలే. పనివాడి పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతారు, మొగుడయ్యేవాడివి తవ్వరేం?"

అతను వెళ్లాక, కోపంతో ఊగిపోతూనే ఆమె కర్టిస్ గురించీ ఆరా తీయించింది. అతనికి ఇద్దరు మాజీ భార్యలున్నారు. దెబ్బలు తాళలేక ఇద్దరూ అతను తమ దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నారు.

పూలు పట్టుకుని వచ్చిన కర్టిస్ మొహాన ఆమె ఉంగరం విసిరికొట్టింది. "మళ్లీ నా గడప తొక్కావంటే పోలీసుల్ని పిలుస్తా" అంది.

డ్వేన్‌కి మాత్రం ఉద్యోగం ఇవ్వలేదు. నిజం చెప్పినందుకు అతని మీద మంట ఆమెకి చల్లారనేలేదు.