బోర్లించిన కంచములు

శరత్కాలపు వేకువను, కలువలమెట్ట యను ఆ చిన్నపట్టణమును చుట్టియున్న వనగిరిపంక్తులు తెల్లని మంచుకంబళ్లను భుజములనుండి యింకను దింపకమునుపే, సరస్సు నంటియున్న నల్లరాతిమెట్లమీద కూర్చుండి హైమవతి రాత్రి భోజనపు కంచములను చింతపండుతోను బూడిదతోను తోముచుండెను. నీటిమీది పొగమంచు మెల్లమెల్లగా లేచి వెదురుపొదల నడుమ దూరుచుండ, ఒడ్డునున్న పెంకుటిండ్లనుండి వెలువడిన వంటకట్టెల పొగ దానితో గలిసి, యేది మంచో యేది పొగయో తెలియరాకుండెను. కొంగలు రెల్లుదుబ్బులలో ఒంటికాలిమీద నిలిచి మౌనవ్రతము పాటించుచుండ, నీటికోళ్లు మాత్రము తమ యింటిగుట్టునంతయు ఊరివారికి వినబడునట్లు చాటుచుండెను.

పైమెట్టుమీద మోకాళ్లకు గడ్డ మానించి కూర్చున్న వకుళ యీ శోభలో సగమును మాత్రమే చూచుచుండెను. తక్కిన సగముచూపు అక్క ముఖముమీదనే నిలిచియుండెను.

మూడేండ్లక్రిందట హైమవతి తల్లిమాట కాదని, పడవమీద చేపలు పట్టు జోగిరాజును వరించి యీ కొండలకు వచ్చినది. నాటినుండి తల్లి కామాక్షమ్మ ఆ కూతురి పేరెత్తలేదు. అయినను ఏటేట తొలికాపు మామిడిపండ్లలో మేలైనదాని నొకదానిని వేరుగా దీసి యుట్టిమీద నుంచుటయు, అది కుళ్లువరకు ఎవ్వరిని తాకనీయకుండుటయు మానలేదు. తుద కీయేడు చిన్నకూతుర్ని బిలిచి, "నీ కన్నులు చూచినచో నా కన్నులు చూచినట్లే. అది సుఖముగా నున్నదని నీ మనసునకు దోచిన వచ్చి చెప్పుము, నేనే కదలి వత్తును. దానికంట తడి యున్నచో వెంటబెట్టుకొని రమ్ము" అని పంపెను. ఈ సంగతి హైమవతికి చెల్లెలు బస్సు దిగిననాడే తెలిసెను. తెలిసియు, ఆమె యేమియు నడుగకుండెను.

వకుళ వచ్చి మూడుదినము లయ్యెను. అక్క నవ్వుచునే యుండెను. అత్త నరసమ్మ నోరు పెద్దదైనను చేయి మెత్తనిదని తెలియుచునే యుండెను. కాని యొక్క విషయము వకుళ గుండెలో ముల్లై నాటుకొనెను. ప్రతియుదయమునను జోగిరాజు చోడియంబలి త్రాగి, తన కంచము తానే కడిగి, పొయ్యిప్రక్కను దానిని బోర్లించి, తెడ్డు భుజమున వేసికొని, భార్యవంక చూడనైన చూడక, యొక్కమాటయైన పలుకక గడప దాటి పోవుచుండెను. వకుళ పుట్టినయూర కంచము బోర్లించుట యనగా ఈ యింటి కూడు నా కక్కరలేదనుట. చెప్పక పోవుట యనగా కోపము తలకెక్కి పోవుట. సాయంకాలము అతడు తామరతూండ్ల కట్టతో నవ్వుచు తిరిగివచ్చునప్పుడు, చుట్టమెదుట పరువు కాచుకొనుటకై నవ్వుచున్నాడు కాబోలునని ఆమె తలపోసెను.

ఆ మధ్యాహ్నమే వకుళ తిరుగుప్రయాణము. ఇక నూరకుండరాదని ఆమె మెట్లు దిగి అక్కచెంత కూర్చుండి, "అక్కా, నాతో వచ్చివేయుము" అనెను.

హైమవతి చేతిలోని బూడిద నీట జారెను. "ఎక్కడికే?"

"అమ్మయొద్దకు. నా కన్నియు తెలిసినవి. బావ దినదినమును నీ వడ్డన నట్లు తిరస్కరించి పోవుచుండ, నీవు కంచములు తోముచు నవ్వుచుంటివి. నే నంత చిన్నదానను గాను."

అక్క నోరు తెరచి చెల్లెలిని చూచెను. అంతలో వెనుకనుండి కడవ చంకనిడుకొని దిగుచున్న నరసమ్మ ఆ మాట విని, కడవను మెట్టుమీద దింపి, నడుము పట్టుకొని పకపక నవ్వసాగెను.

"ఓసి మైదానపు చిలుకా! మూడుదినములుగా నా కొడుకునకు నీవు వడ్డించిన పులుసులో ఉప్పు లేకుండుట కిదియా కారణము? వాడు మరదలి చేతివంట యని కిక్కురుమనక మ్రింగెను గదే!"

వకుళ చెవులు ఎర్రబారెను.

నరసమ్మ మెట్టుమీద చతికిలబడి కొంగుతో కన్నులు తుడుచుకొని చెప్పెను: "వినుము. ఈ నీరు దాటి పోవువా డెవ్వడును మాయూర గడపయొద్ద మాటాడడు. పోయివచ్చెద ననుట పరాయివాని మాట. తన యింటికి తాను తిరిగివచ్చుటకు సెలవు దేనికి? కంచము బోర్లించుట యనగా నా చోట దుమ్ము పడనీయకుడు, సాయంకాలమునకు వచ్చి యీ కంచముననే తిందు ననుట. మొన్న వచ్చిన అద్దముల బేరగాడు వాకిట నిలిచి అరగడియ వీడ్కోలు చెప్పెను. చూచుచుండుము, వాడును రాడు, వానికి త్రాగనిచ్చిన చెంబును రాదు."

"మరి భార్యవంక చూడనైన చూడడేమి?" అని వకుళ పట్టు విడువక యడిగెను.

"చూచినచో ఏదో యొకటి పలుకును, అత్తా కోడండ్ర మిద్దరమును నవ్వుదుము, వాని ప్రయాణము చెడును. పెండ్లియైన క్రొత్తలో వాడట్లు నాలుగుమారులు గడపనుండి వెనుకకు వచ్చి కూర్చుండెను. ఊరిలో చేపలకు కరవు వచ్చినది."

"అత్తా!" అని హైమవతి తడిచేతులతో ముఖము గప్పుకొనెను. ఆ వ్రేళ్లసందుల గనబడిన సిగ్గును చూచినంతనే, మూడుదినములుగా తాను వెదకుచున్న సమాధానము వకుళకు దొరకెను.

ఈ వార్త రేవున పడవలోని నీరు తోడుచున్న జోగిరాజుచెవిని బడుటకు ఎంతో సేపు పట్టలేదు. అతడు తెడ్డుతో పడవయంచును తట్టి, "మరదలా! కోపిష్ఠివాని పడవ యెక్కుటకు భయము లేకున్న రమ్ము. బస్సు వచ్చువరకు నీకు మా సరస్సును చూపెదను. ఉప్పులేని పులుసునకు ఇదే నా పగ!" అని కేకవేసెను.

అక్కచెల్లెం డ్రిద్దరును పడవ యెక్కిరి. మంచు విడిపోయి, కొండల నీలిమయు అడవుల పచ్చనయు నీటిలో తలక్రిందులుగా వ్రేలాడుచుండ, ఎర్రకలువల నడుమ పడవ చీల్చిన దారి వెంటనే మరల మూసికొనుచుండెను. అడవియుసిరికలు కొరికి సరస్సునీరు దోసిట త్రాగిన వకుళ, ఆ తీపికి కన్నులు మూసికొనెను. హైమవతి చిన్ననాటివలె చెల్లెలిమీద నీరు చిమ్మెను. చెల్లెలును వెనుదీయలేదు. తడిసినది మాత్రము నడుమ కూర్చున్న జోగిరాజు.

తిరిగివచ్చి భోజనమునకు కూర్చున్నప్పుడు హైమవతి నవ్వు క్రమముగా సన్నగిల్లెను. అన్నము వడ్డించుచు వడ్డించుచు ఆగి, మూడుదినములు అదిమియుంచిన మాటను, చూపు నేలమీదనే యుంచి, తుద కడిగెను.

"అమ్మతో నేమని చెప్పెదవే?"

వకుళ కడపటి ముద్ద మ్రింగి లేచి, తన కంచము తానే కడిగెను. పొయ్యిప్రక్కను, ముందుగా తిని రేవునకు పోయిన జోగిరాజు పరిహాసముల సందడిలో బోర్లింప మరచిన కంచము వెల్లకిలగా నుండెను. దానిని చిఱునవ్వుతో బోర్లించి, ప్రక్కను తన కంచమును బోర్లించెను. పిమ్మట బల్లమీద నారవేసిన కంచములలో వేకువను అక్క తోమినవానినన్నింటిని త్రిప్పి చూచి, మిక్కిలి తళతళలాడుచున్న పెద్దకంచము నొకదానిని ఏరి తెచ్చి, తన కంచమును కొంచెము జరిపి, ఆ రెంటినడుమను దానిని మెల్లగా బోర్లించెను. అది యెవ్వరిదని అక్క యడుగలేదు. హైమవతి చేతనుండి గరిటె జారి పడెను. ఊరిలో మాటలకు కొదువలేని నరసమ్మ సహితము ద్వారబంధము నానుకొని నోటికి కొంగు అడ్డము పెట్టుకొనెను.

వాకిట ఎండ కాయుచుండెను. రేవున జోగిరాజు పడవ వేచియుండెను. వకుళ సంచి భుజమున దగిలించుకొని, వెనుకకు తిరిగి చూడక, పోయివచ్చెద ననక, ఆ యింటి గడప దాటి సరస్సువంకకు నడచిపోయెను.