గాజింట్లో మందారం

అయినా లీడ్స్‌లో గాజు ఇంతగా మెరిసేది కాదు, మసి ఊరు కదా, టౌన్ హాలు ముందున్న రాతి సింహాలు సైతం నల్లగానే ఉండేవి, అనుకుంటూ రామలింగేశ్వరరావుగారు ఆక్లాండ్ డొమైన్ పార్కులోని గాజింట్లో, ఇంగ్లీషు లెక్చరరుగా పదవీ విరమణ చేసి పుష్కరం దాటినా ఇంకా తరగతి గదిలో ఉన్నట్టే, బెంచీ మీద నిటారుగా కూర్చున్నారు, పక్కనున్న మనవరాలు నిరుపమకు లీడ్స్‌లోని రౌండే పార్కు గురించి చెబుతున్నారు, ఎంత పెద్ద చెరువనుకున్నావు, ఒడ్డున కాగితం ముక్కయినా కనపడేది కాదు, పరిశోధనకు ఇంగ్లండు వెళ్లిన ఆ ఏడాది ప్రతి ఆదివారం భార్య వెంకటలక్ష్మిని వెంటబెట్టుకుని కర్క్‌స్టాల్ శిథిల మఠం, మ్యూజియం, ఉద్యానవనాలు అన్నీ చూపించారు, చూపించడమంటే తాను ముందు నడవడం, ఆమె చలికి కొంగు నిండా కప్పుకుని వెనక రావడం, ఎక్కడ ఆగాలో తానే చెప్పడం, మొన్న హాబ్సన్‌విల్‌లో కొడుకింట్లో అతని స్నేహితులు లీడ్స్ ఎలా ఉండేది అంకుల్ అని అడిగితే గంటసేపు వర్ణించారు, వెంకటలక్ష్మి మాత్రం పకోడీలు వేయిస్తూ ఒక్క మాటా కలపలేదు, ఎందుకు కలపలేదో, తాతయ్యా, నానమ్మ ఫ్లవర్ కోసేసింది, అది అలౌడ్ కాదు కదా.

నిజమే, ఎర్ర మందారం ఆమె చేతిసంచిలోకి వెళుతోంది, శుక్రవారం కదా, దేవుడికి, కాకినాడలో తెల్లవారితే ప్రహరీ దాటి వంగిన ప్రతి కొమ్మా వీధి అందరిదీ, ఎవరూ దొంగతనమనరు, కానీ ఇది కాకినాడ కాదు, వెంకటలక్ష్మీ, ఇది పబ్లిక్ ప్రాపర్టీ, తిరిగి పెట్టేయ్, ఎక్కడ పెట్టనండీ, కొమ్మకి జిగురు రాసి అంటించనా, మొక్క మీదుంటే దేవుడికి, రాలితే చీపురుకీ, అయినా మీ లీడ్స్‌లోనూ ఇదే గొడవ, ఆ గాజింట్లో వెచ్చగా ఉందని నిలబడి మందారం మీద చెయ్యి వేశానో లేదో లాగేశారు, మనింటి ముందు పూసే పువ్వే అది, ఊరంతా తిప్పారు గానీ నాకు గుర్తున్నది ఆ పువ్వొక్కటే, ఆయనకూ ఆ గాజిల్లు గుర్తుంది, తలుపు మీది నోటీసు, ఆవిరికి మసకబారిన కళ్లద్దాలు, పువ్వు గుర్తు లేదు, లాగిన చెయ్యి గుర్తు లేదు, అదుగో తోట చూసుకునే ఆవిడ కత్తెరతో ఇటే వస్తోంది, నాలుగడుగులు పక్కకు జరిగి ఆర్కిడ్లు పరిశీలిస్తున్నట్టు నిలబడవచ్చు, ఎవరో తెలియనట్టు, ముందు నడవడం ఆయనకు అలవాటే.

ఎవరండీ ఇది కోసింది, అని ఆవిడ ఇంగ్లీషులో మర్యాదగానే, తెగిన తొడిమను చూపిస్తూ అడిగింది, రామలింగేశ్వరరావుగారు లేచి, కోటు గుండీ సవరించుకుని, నేనే కోశాను, మన్నించాలి, అన్నారు, ఇంత నిర్దుష్టమైన ఇంగ్లీషులో ఇంత పచ్చి అబద్ధం ఎన్నడూ ఆడలేదనిపించింది, ఆవిడ ఆ తెల్లజుట్టు వంక చూసి, ఇంకోసారి వద్దండీ, అందరూ చూడాలి కదా, అని వెళ్లిపోయింది, తాతయ్య లైడ్, అంది నిరుపమ నోరు తెరిచి, ఏం మాస్టారూ, ఈ వయసులో అబద్ధమా, అంది వెంకటలక్ష్మి నవ్వు ఆపుకుంటూ, ఆయన ఆమె చేతిలోని సంచి అందుకున్నారు, తలుపు దగ్గర ఆగి, ఆమె వచ్చాక, పక్కన నడిచారు, అబద్ధమెందుకవుతుంది, లీడ్స్‌లో ఆమెను కోయనివ్వని పువ్వే ఇది, ఇన్నాళ్లకు కోసింది తానే.