ముల్తెలు పండే చోటు

తూకం ముల్లు ముప్పై ఎనిమిది దాటి కాస్త ముందుకు పోయింది. ఆగ్నార్ తడి దుప్పట్ల సంచిలోంచి ఒక తువ్వాలు తీసి పక్కన పడేశాడు. ఇప్పుడు సరిగ్గా ముప్పై ఎనిమిది కిలోలు. అక్క బరువు అంతే. సంచి మూతి బిగించి వీపుమీదికి ఎత్తుకుని, బట్టలుతికే యంత్రాల వరస పొడవునా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెనక్కి వచ్చాడు. సంచి దించి గోడకు ఆనుకున్నాడు. అరవై మూడేళ్ల వీపు ఆనుకోక ఏం చేస్తుంది?

"ఏమయ్యా, ఇవాళ మీ అక్కని ఎన్ని చుట్లు తిప్పావ్?" ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి అడిగింది తూరిల్. ఇరవై ఏళ్లుగా ఆమెది అతనికి ఎదుటి బల్ల.

"ఆరు."

"అక్కడ నేల ఇంత నున్నగా ఉండదు నాయనా. బురదలో దిగబడ్డారంటే ఇద్దర్నీ లాగడానికి క్రేను కావాలి."

"దిగబడను."

"ఆ చోటేదో మాకు చెప్పి పో. రాకపోతే వచ్చి వెతుక్కుంటాం!"

ఇస్త్రీ దగ్గర ఆడవాళ్లంతా నవ్వారు. ఆగ్నార్ కూడా నవ్వాడు. చెప్పడానికి తనకు తెలిస్తే కదా.

ట్రోండ్‌హైమ్‌లో ఓ ఆస్పత్రి నేలమాళిగ అది. ముప్పై ఏడేళ్లుగా అక్కడే పని. పొడుగు మనిషి, తలుపు దగ్గర వంగి వంగి మెడ అలాగే వంగిపోయింది. సబ్బునీళ్లకు చేతులు తెల్లగా పాలిపోయి, గోళ్లు మెత్తబడ్డాయి. పొద్దున ఏడింటికి వస్తాడు, మూడున్నరకు వెళతాడు. మధ్యలో రొట్టె మీద గోధుమరంగు జున్ను వేసుకుని యంత్రాల పక్కనే నిలబడి తింటాడు. ఇన్నేళ్లలో వరసగా పది రోజులు సెలవడగడం ఇదే మొదలు. మంగళవారం మధ్యాహ్నం తీరం వెంట వెళ్లే ఓడ ఎక్కాలి. మూడు రోజులు ఉత్తరానికి, అక్కడ దిగి బస్సు, బస్సు దిగాక చిత్తడినేలల మీద నడక. ఆ నడక కోసమే ఈ సంచి మోత. వీపుకు కట్టుకునే చెక్క చట్రానికి అక్క కూర్చోడానికి చిన్న పీట కూడా బిగించి ఉంచాడు.

అక్క యోర్దిస్, తను పుట్టింది వరాంగర్ తీరంలో. అక్కడ చిత్తడిలో ముల్తెలు పండుతాయి. కాడకు ఒక్కటే పండు, నారింజరంగులో. ఏడాదికి పది రోజులు దొరికితే గొప్ప. అవి దండిగా కాసే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. పండ్లు కోసుకుని ఎదురు కొండ చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాళ్లను ఆగ్నార్ చిన్నప్పుడు ఎంతోమందిని చూశాడు. వాళ్లమ్మా అంతే. కొడుకని నమ్మి తొమ్మిదేళ్లవాణ్ణి ఒక్కసారి వెంట తీసుకెళ్లింది. వాడు మురిసిపోయి బళ్లో పక్కవాడికి చెప్పాడు. మర్నాడు తెల్లారేసరికి ఊళ్లో సగం బకెట్లు అక్కడే ఉన్నాయి.

అమ్మ కొట్టలేదు. "వీడి నోట్లో నువ్వుగింజ నానదు" అంది, అంతే. తర్వాత వేరే చోటు వెతుక్కుని కూతురికి మాత్రం చూపించింది. యుద్ధంలో శత్రుసేన వెనక్కి మళ్లుతూ ఊళ్లు తగలబెట్టిన ఏడు అందరూ దక్షిణానికి వచ్చేశారు. అమ్మ పోయింది. ప్రతి ఆగస్టులో యోర్దిస్ ఒక్కతే ఓడెక్కి వెళ్లి రెండు బకెట్లతో తిరిగి వచ్చేది. తమ్ముడికి సీసాడు జామ్ ఇచ్చేది, చోటు మాత్రం చెప్పేది కాదు. అమ్మ అన్న మాట తప్పని చూపించాలనేమో ఆగ్నార్ మాట్లాడటమే మానేశాడు. పెళ్లి చేసుకుందామనుకున్న ఒకావిడ, అతను అడుగుతాడేమోనని రెండేళ్లు చూసి వెళ్లిపోయింది. యాభై నాలుగేళ్లు నోరు కుట్టేసుకుని బతకడమంటే మాటలు కాదు.

యోర్దిస్‌కు కాళ్లు పడిపోయి ఐదేళ్లు. ఈ వేసవిలో ఆమే అంది, "నన్ను మోసుకెళ్తావురా?" అని. నిన్న సాయంత్రం అతను తెచ్చిన మ్యాపు చూసి ఇంకో మాట కూడా అంది.

"ఆ మ్యాపు ఇక్కడ పెట్టి పో. రేపు గుర్తు పెట్టి ఇస్తా. దారిలో నాకేమన్నా అయిందనుకో, నువ్వు ఆగకు. వెళ్లి కోసుకురా."

"ఎందుకక్కా, నువ్వే చూపిస్తావు కదా."

"చెప్పింది చెయ్. ఇవ్వకపోతే ఒక బాధ, ఇస్తానంటే ఒక బాధ!"

ఆ రాత్రి అతనికి సరిగ్గా నిద్ర పట్టలేదు. పండ్ల కోసం కాదు. అక్క తనను నమ్మింది.

మూడున్నరకు పని ముగించి, దుకాణంలో అక్క కోసం పొడుగు రబ్బరు బూట్లు కొన్నాడు. నడవలేని మనిషికి బూట్లెందుకో అతనికీ తెలియదు. అవి సంచిలో వేసుకుని కొండెక్కి అక్క ఉంటున్న వృద్ధాశ్రమానికి వెళ్లాడు.

అక్కడ పనిచేసే సీసెల్ అనే అమ్మాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ పనిచోటికి ఫోన్ చేశానండీ. అప్పటికే బయల్దేరారన్నారు. మీ అక్కగారు మధ్యాహ్నం కాఫీ తాగి కాసేపు పడుకుంటానన్నారు. మూడున్నర దాటాక చూస్తే... నిద్రలోనే."

ఆగ్నార్ తలూపాడు. గదిలో అక్క మీద తెల్ల దుప్పటి ఉంది. ఆశ్రమం బట్టలూ ఆస్పత్రికే ఉతుకుడుకు వస్తాయి; అంచు కుట్టు చూస్తే తన యంత్రంలో ఉతికిందేనని తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత బల్ల వైపు చూశాడు. మ్యాపు మడత పెట్టి ఉంది. దాని మీద పెన్సిలు, రబ్బరు.

"పొద్దున నన్ను అడిగి తీసుకున్నారు. గుర్తు పెట్టారు కూడా, నేను చూశాను" అంది సీసెల్. "ఎక్కడికమ్మా ప్రయాణం, మా అమ్మమ్మ వాళ్లదీ వరాంగరే అన్నాను. అంతే, గబగబా చెరిపేశారు. నేను వెళ్లాక కూడా రుద్దుతున్న చప్పుడు వినిపించింది. నేనేమన్నా తప్పుగా అన్నానాండీ?"

"లేదమ్మా. నువ్వేం అనలేదు."

ఆ పిల్ల వెళ్లాక మ్యాపు విప్పి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పెన్సిలు నొక్కిన గీత కనబడుతుందేమోనని ఏటవాలుగా తిప్పి చూశాడు. ఒక చోట కాగితం అరిగి పలచబడింది. దానికి అవతల ఇంకో చోట. వాగు పక్కన, చెరువు వెనకాల, గుట్ట మీద. లెక్కపెడితే పదకొండు. ఏది అసలుదో ఎవరికీ తెలియకుండా అన్నీ ఒకేలా, ఒకే శ్రద్ధతో చెరిపింది అక్క. ఆ 'ఎవరికీ'లో తను కూడా ఉన్నాడో లేడో ఇక అడగడానికి లేదు. ఆగ్నార్ నోరు తెరిచి ఏడ్చాడు, ముసలివాడు ఏడ్చినట్టు కాదు, తొమ్మిదేళ్లవాడు ఏడ్చినట్టు.

చీకటి పడని సాయంత్రం. అంత్యక్రియల వాళ్లు వచ్చి అక్కను తీసుకెళ్లారు, వెనకాలే అతనూ వెళ్లాడు. బల్ల మీద మ్యాపు విప్పింది విప్పినట్టే ఉండిపోయింది, దాని మడతల్లో బూడిదరంగు రబ్బరు పొడి.